నాలుగంకెల తాళం: బ్యాటరీ తీస్తే కారు రేడియో ఎందుకు అలుగుతుంది?

అండమాన్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనడమంటే చాలాసార్లు సముద్రం అవతల ఉన్న కారును కొనడమే. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల నీటి దారి దాటి ఆ కారు శ్రీ విజయపురం చేరాలి. 2024 సెప్టెంబరు దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరే ఇది. ఓడ ఎక్కించే ముందు నిప్పు ప్రమాదం లేకుండా బ్యాటరీ తీగ విప్పడం మామూలు జాగ్రత్త. కారు రేవులో దిగాక ఎవరో ఒక మెకానిక్ ఆ తీగ తిరిగి బిగిస్తాడు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. రేడియో మాత్రం పలకదు. దాని అద్దం మీద ‘కోడ్’ అనో ‘సేఫ్’ అనో ఒక మాట, పక్కన నాలుగు గీతలు కనిపిస్తాయి. నాలుగంకెల సంఖ్య ఏదో నొక్కమని అడుగుతోందన్నమాట.

ఆ సంఖ్య కొత్త యజమానికి తెలియదు. పాత యజమానికి ఫోన్ చేస్తే ఆయనకూ గుర్తుండదు. చాలాసార్లు ఆయన దాన్ని అసలు చూసి ఉండడు. కొత్త కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకాల సంచిలో ఒక చిన్న కార్డు మీద అచ్చయి ఉంటుంది. ఆ సంచి ఏ అటక మీదుందో ఎవరికి తెలుసు?

ఇక్కడో వింత ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన కారును అండమాన్‌కు తెచ్చి పేరు మార్చుకోవాలంటే పాత ఆర్టీవో కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి. అమ్మకం తెలిపేందుకు ఫారం 29, పేరు మార్పిడికి ఫారం 30 నింపాలి. ఏడాదికి మించి ఇక్కడే ఉంచుకునే బండైతే కొత్త నంబరు తీసుకోవాలి. ఏపీ 31తో మొదలయ్యే నంబరు కాస్తా ఏఎన్ 01గా మారుతుంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూస్తారు. కారులో ఉన్న ప్రతి పెద్ద వస్తువూ కాగితాల మీద చేతులు మారుతుంది, ఈ నాలుగంకెలు తప్ప. దానికి ఏ ఫారమూ లేదు.

దొంగల కోసం పుట్టిన తాళం

కారులో రేడియో పెట్టడం 1930లలో వ్యాపించింది. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లో ‘మోటరోలా’ పేరుతో కారు రేడియో అమ్మకానికి తెచ్చింది. తర్వాత ఆ కంపెనీ పేరే మోటరోలాగా మారింది. రేడియోలు చిన్నవై, క్యాసెట్ ప్లేయర్లు జతపడి, ఖరీదు పెరిగేసరికి వాటి మీద దొంగల కన్ను పడింది. 1980లలో యూరప్, అమెరికా నగరాల్లో కారు అద్దం పగలగొట్టి రేడియో పెరుక్కుపోవడం రోజువారీ దొంగతనమైపోయింది. కొందరు రేడియోను ఊడదీసి చేత్తో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. ముందు పలకను మాత్రమే ఊడదీసే రకాలూ వచ్చాయి. కోడ్ తాళం ఆ వరసలోనే వచ్చింది.

ఆలోచన చాలా తేలికైనది. కారులోంచి పెరికిన రేడియోకు ఒక్క క్షణమైనా కరెంటు ఆగక తప్పదు. కాబట్టి కరెంటు ఆగి మళ్ళీ వస్తే, ‘నన్ను ఎవరో ఎత్తుకెళ్ళారు’ అని రేడియో అనుకోవాలి. సరైన సంఖ్య చెప్పేదాకా మూగనోము పట్టాలి. అమ్ముడుపోని వస్తువును దొంగ ఎత్తుకెళ్ళడు.

దొంగ తీసినా, మెకానిక్ తీసినా, ఓడ ఎక్కించే కూలీ తీసినా రేడియోకు తేడా తెలియదు. దానికి తెలిసిందల్లా కరెంటు ఆగిందని మాత్రమే. మన తలనొప్పంతా ఇక్కడి నుంచే మొదలు.

మరిచిపోయే మెమొరీ, మరవని మెమొరీ

కారు రేడియో వెనక రెండు కరెంటు తీగలుంటాయి. ఒకటి తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు ఇస్తుంది. రెండోది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చి ఇరవై నాలుగు గంటలూ సన్నగా కరెంటు అందిస్తూ ఉంటుంది. గడియారం, మీరు దాచుకున్న స్టేషన్లు, సౌండ్ ఎంత ఉండాలన్న సంగతి ఈ రెండో తీగ మీదే బతుకుతాయి. అవన్నీ ఉండేది ర్యామ్ అనే మెమొరీలో. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినట్టు, అందులో రాయడం తేలిక, చెరగడం అంతకన్నా తేలిక. కరెంటు ఆగితే ర్యామ్ ఖాళీ. రేడియో లోపలి ప్రాసెసర్ మళ్ళీ మొదటి నుంచి నిద్ర లేస్తుంది. లేవగానే అది చేసే మొదటి పని తాళం సంగతి చూడటం.

మరి కోడ్ ఎక్కడుంది? అదీ కరెంటుతో పాటు చెరిగిపోతే రేడియో దేనితో పోల్చి చూస్తుంది? కోడ్ ఉండేది వేరే రకం చిప్పులో. పేరు ఈఈప్రోమ్. గోరంత సైజు, సాధారణంగా ఎనిమిది కాళ్ళు. పాత రేడియోల్లో ఇది విడిగా కనిపించేది. కొత్తవాటిలో ప్రాసెసర్ లోపలే కలిసిపోయింది.

ఈ చిప్పు కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి ఎలా గుర్తుపెట్టుకుంటుందన్నది ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావాన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఒక కొత్త రకం ట్రాన్సిస్టర్‌ను ప్రతిపాదించారు. అందులో ఒక చిన్న వాహకపు ముక్క ఉంటుంది. దాని చుట్టూ అన్ని వైపులా సిలికాన్ ఆక్సైడ్, అంటే ఒక రకం గాజు. ఏ తీగతోనూ సంబంధం లేకుండా గాజులో తేలుతున్నట్టుంటుంది కాబట్టి దాన్ని తేలే గేటు అంటారు. ఆ ముక్క మీదకు కొన్ని వేల ఎలక్ట్రాన్లను చేర్చగలిగితే అవి బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతాయి. ఎలక్ట్రాన్లు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. సున్నా, ఒకటి అంటే అంతే.

దారి లేని చోటికి అవి ఎలా చేరాయి? ఇక్కడ క్వాంటం భౌతికశాస్త్రం పనికొస్తుంది. ఫిజిక్స్ చదువుకున్నవాళ్ళకు టన్నెలింగ్ అనగానే పరీక్షలో వేసిన లెక్కలే గుర్తొస్తాయి. ఆ లెక్క డాష్‌బోర్డులో కూర్చుని ఉంటుందని చాలామంది అనుకోరు. గేటు కింద గాజు పొర ఒకచోట 10 నానోమీటర్ల మందమే ఉంటుంది. వెంట్రుకను పొడవునా కొన్ని వేల పొరలుగా చీలిస్తే వచ్చే పలుచదనం అది. మామూలుగా ఎలక్ట్రాన్‌కు ఆ గోడ దాటే శక్తి లేదు. చిప్పు తన లోపలే 15 నుంచి 20 వోల్టుల దాకా పుట్టించి ఆ గోడకు అటూ ఇటూ పెడితే, గోడ పైభాగం వాలిపోయినట్టై, కొన్ని ఎలక్ట్రాన్లు గోడను ఎక్కకుండానే అవతల తేలతాయి. ఆ వోల్టేజీ తీసేయగానే గోడ మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. చేరినవి అక్కడే చిక్కుపడతాయి. చిప్పు తయారీదారులు 100 ఏళ్ళు, కొందరు 200 ఏళ్ళు రాసింది చెరగదని భరోసా ఇస్తారు. వేడి ఎక్కువైతే ఆ కాలం తగ్గుతుంది గాని కారు బతికినన్నాళ్ళు ఢోకా లేదు.

అంటే మీ రేడియో కోడ్ ఎక్కడికీ పోలేదు. ‘కోడ్ పోయింది’ అన్నప్పుడు పోయింది మన కార్డు మాత్రమే. సంఖ్య మీ ఎదురుగా, చేతికందే దూరంలో, కొన్ని వేల ఎలక్ట్రాన్ల రూపంలో అలాగే ఉంది.

ఉప్పుగాలి చేసే పని

అండమాన్ వాహనదారులకు ఈ సమస్య ఓడ దిగిన రోజుతో తీరదు. ఎవరూ బ్యాటరీ ముట్టుకోకపోయినా ఒక ఉదయం సెల్ఫ్ కొట్టగానే రేడియో కోడ్ అడగొచ్చు. దయ్యం పట్టిందనుకోనక్కర్లేదు. కారణం గాలిలో ఉంది.

సముద్రపు అలలు విరిగినప్పుడల్లా సన్నటి ఉప్పు తుంపర గాలిలోకి లేస్తుంది. అది ఆరితే కంటికి కనిపించని ఉప్పు రేణువులు మిగులుతాయి. అవి దీవుల్లో ప్రతి లోహం మీదా వాలతాయి. మామూలు ఉప్పుకు ఒక గుణముంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే అది గాలిలోంచి నీటిని లాక్కుని తానే ద్రవమైపోతుంది. వర్షాకాలంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా నీరు కారేది అందుకే. శ్రీ విజయపురంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఏడాదిలో చాలా రోజులు గాలిలో తేమ ఆ 75 శాతం గీతకు పైనే ఉంటుంది. కాబట్టి బ్యాటరీ టెర్మినల్ మీద వాలిన ఉప్పు ఆరదు. సన్నటి ఉప్పునీటి పొరగా మారి లోహాన్ని తింటూ ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి దానికి తోడు. తెల్లటి పొడి, పచ్చటి చిలుము పేరుకుంటాయి.

చిలుము కరెంటును సరిగా పోనివ్వదు. ఎంత అడ్డుకుంటుందో చిన్న లెక్క వేద్దాం. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు చిన్న కారులో కూడా 150 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. మంచి బ్యాటరీ అయినా ఆ సమయంలో 12 వోల్టుల నుంచి 10 దగ్గరికి దిగుతుంది. టెర్మినల్ దగ్గర చిలుము వల్ల కేవలం 0.02 ఓముల నిరోధం అదనంగా చేరిందనుకోండి. 150ని 0.02తో గుణిస్తే 3 వోల్టులు. అవి చిలుములోనే ఖర్చయిపోతాయి. కారు మొత్తానికి మిగిలేది 7 వోల్టులు. ఇంత అడ్డు ఉన్నప్పుడు మోటారు లాగే కరెంటు కూడా కొంత తగ్గుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా సంగతి అర్థమవుతుంది. ఇంకాస్త చిలుము పడితే, లేదా బిగింపు వదులై ఒక్క క్షణం స్పర్శ తప్పితే, రేడియో లోపలి ప్రాసెసర్ నిలబడలేదు. దాని లెక్కలో అది ‘కరెంటు పోయి వచ్చింది’. ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది. రేడియో అలుగుతుంది.

వేడినీళ్ళు, వంటసోడా పోసి టెర్మినళ్ళు కడిగి, ఆరబెట్టి, పెట్రోలియం జెల్లీ రాసే పాత అలవాటు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. సోడా ఆమ్లాన్ని విరుస్తుంది, జెల్లీ తేమను దూరంగా ఉంచుతుంది. కడిగే ముందు కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో మార్గంలో కూడా ఇదే జరుగుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ప్రతి 100 మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఉన్నాయి. పండక్కో పెళ్ళికో ఊరెళితే నెల రోజులు తిరిగి రాని ఇళ్ళు ఎన్నో. ఆ నెలంతా ఇంటి ముందు కారు నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది గాని, గడియారం, అలారం, రేడియో మెమొరీ కలిసి కొద్ది కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీఆంపియర్లు అనుకుంటే, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 900 గంటల్లో, అంటే 37 రోజుల్లో అడుగంటుతుంది. సెల్ఫ్ తిప్పే బలం అంతకన్నా చాలా ముందే, మూడు వారాల లోపే పోవచ్చు. తిరిగొచ్చేసరికి బ్యాటరీ డౌన్, కొత్త బ్యాటరీ, దాంతో పాటు మళ్ళీ అదే ప్రశ్న.

పదివేలలో ఒకటి

నాలుగంకెలే కదా, వరసగా నొక్కుకుంటూ పోతే ఎప్పటికో తగలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 0000 నుంచి 9999 దాకా ఉన్నవి 10,000 సంఖ్యలు. ఒక్కోటి నొక్కడానికి 5 సెకన్లు పడితే మొత్తం 50,000 సెకన్లు. 14 గంటలు కూడా కాదు. ఓపికున్న దొంగకు అదేమీ కష్టం కాదు.

అందుకే తయారీదారులు సంఖ్యను పొడవు చేయలేదు, కాలాన్ని పొడవు చేశారు. ఫోక్స్‌వాగన్ కార్ల చాలా రేడియోలు రెండుసార్లు తప్పు నొక్కితే ఒక గంట పాటు తాళం వేసుకుంటాయి. గంటకు రెండు ప్రయత్నాల చొప్పున 10,000 సంఖ్యలు ముగించడానికి 5,000 గంటలు, అంటే 208 రోజులు. సగటున సగం దారిలో తగులుతుందనుకున్నా మూడు నెలల పైన. హోండా రేడియోల్లో పది తప్పులకు గంట విరామం. అక్కడ సగటున మూడు వారాలు. కొన్ని ఫోర్డ్ రేడియోలైతే మరీ మొండివి. పది తప్పుల తర్వాత శాశ్వతంగా బిగుసుకుంటాయి. తర్వాత సరైన కోడ్ నొక్కినా వినవు. వర్క్‌షాపులో తెరిపించాల్సిందే.

బ్యాటరీ తీసి పెడితే తప్పుల లెక్క సున్నా అవుతుందేమోనన్న ఉపాయం కూడా పారదు. ఎన్నిసార్లు తప్పు నొక్కామన్న లెక్కను రేడియో నల్లబల్ల మీద రాసుకోదు. కోడ్ ఉన్న ఆ మరవని చిప్పులోనే రాసుకుంటుంది. పైగా విరామం గంట గడవాలంటే రేడియో ఆన్‌లో ఉండాలి. ఆఫ్ చేస్తే గడియారం కూడా ఆగుతుంది. ఇది తెలియక ‘రాత్రంతా ఆపి ఉంచాను, అయినా తెరుచుకోలేదు’ అనేవాళ్ళుంటారు. కాబట్టి సరదాకు పుట్టినరోజు, బండి నంబరు లాంటివి ప్రయత్నించకండి. కోడ్‌ను ఫ్యాక్టరీ నిర్ణయిస్తుంది, యజమాని కాదు. ప్రతి ఊహా మీకున్న కొద్ది అవకాశాల్లో ఒకదాన్ని తినేస్తుంది.

సీరియల్ నంబరు నుంచి కోడ్

ఊహతో కాకపోతే మరి ఎలా? దారి రేడియో సీరియల్ నంబరు నుంచి మొదలవుతుంది. కొన్ని ఫోర్డ్ రేడియోల్లో 1, 6 బటన్లు కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ నంబరు తెర మీద వస్తుంది. హోండాలో అవే బటన్లు పట్టుకుని రేడియో ఆన్ చేయాలి. చాలావాటికి మాత్రం రేడియోను డాష్‌బోర్డు నుంచి బయటికి లాగి, పక్కన అంటించిన స్టిక్కర్ చూడాల్సిందే.

ఆ నంబరుకూ కోడ్‌కూ సంబంధం రెండు రకాలుగా ఉండొచ్చు. మొదటిది చిట్టా. ఫలానా నంబరు రేడియోకు ఫలానా కోడ్ అని కంపెనీ ఒక పెద్ద పట్టిక రాసుకుంటుంది. కోడ్‌కు, నంబరుకు లెక్కల సంబంధమేమీ ఉండదు కాబట్టి చిట్టా ఉన్నవాడే చెప్పగలడు. రెండోది సూత్రం. నంబరులోని అంకెలను ఒక పద్ధతిలో కూడి, గుణించి, భాగించి, శేషం తీసుకుంటే కోడ్ వస్తుంది. చిట్టా దాచుకునే పని లేదు, సూత్రం ఒక్కటి చాలు. ఎన్ని లక్షల రేడియోలైనా సరే.

సూత్రం పద్ధతి కంపెనీకి చవక. బలహీనత కూడా అక్కడే. రెనో కార్ల చాలా రేడియోల స్టిక్కర్ మీద ఒక ఇంగ్లిష్ అక్షరం, దాని తర్వాత మూడంకెలు ఉంటాయి. 26 అక్షరాలు, ఒక్కోదానికి 1,000 చొప్పున 26,000 కలయికలు. కోడ్‌లేమో 10,000 మించి ఉండవు. గూళ్ళ కన్నా పావురాలు ఎక్కువైతే ఒక గూట్లో రెండు దూరక తప్పదు. అంటే వేర్వేరు స్టిక్కర్లకు ఒకే కోడ్ రావడం ఖాయం. ఫోర్డ్ రేడియోల్లో ‘వి’ లేదా ‘ఎం’ అక్షరం తర్వాత ఆరంకెలు. ఒక్కో అక్షరం కింద 10 లక్షల నంబర్లు, కోడ్‌లు అవే 10,000. సగటున వంద రేడియోలకు ఒక తాళంచెవి.

1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే డచ్ భాషా పండితుడు సైనిక రహస్యలిపి మీద రాస్తూ ఒక మాట స్థిరం చేశాడు. తాళం ఎలా పనిచేస్తుందో శత్రువుకు పూర్తిగా తెలిసిపోయినా భద్రంగా ఉండాలి, దాచాల్సింది తాళంచెవి ఒక్కటే అని. కారు రేడియోలు సరిగ్గా దీన్నే పాటించలేదు. వాటి భద్రతంతా సూత్రం ఎవరికీ తెలియదన్న నమ్మకం మీద నిలబడింది. వర్క్‌షాపుల కంప్యూటర్ల నుంచో, చిప్పులోని ప్రోగ్రామ్ చదివినవాళ్ళ నుంచో చాలా సూత్రాలు ఎప్పుడో బయటపడ్డాయి. ఇప్పుడు కొన్ని రేడియోల కోడ్ లెక్కగట్టడానికి చిన్న ప్రోగ్రామ్ చాలు. దొంగలకు ఇదేమీ పండగ కాలేదు, ఎందుకంటే పాత రేడియో దొంగిలించే లాభమే పోయింది. లాభపడింది సెకండ్ హ్యాండ్ యజమానులే. ఒక భద్రతా వ్యవస్థ విఫలమవడం ఎవరికైనా మేలు చేసిన సందర్భాల్లో ఇదొకటి.

మరి దీవిలో ఉన్నవాళ్ళ సంగతి

మొదట వెతకాల్సింది కాగితాలే. యజమాని మాన్యువల్, సర్వీసు పుస్తకం, గ్లవ్ బాక్స్ లోపలి గోడ, కొన్నిసార్లు రేడియో మీది స్టిక్కరు. పాత యజమానితో పాటు ఆయన సర్వీసు చేయించిన డీలర్‌ను కూడా అడగొచ్చు, పాత జాబ్ కార్డుల్లో రాసి ఉండే అవకాశముంది. తర్వాతి మెట్టు కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం. ఆర్సీ, గుర్తింపు కార్డు, రేడియో సీరియల్ నంబరు చూపిస్తే వాళ్ళు కోడ్ తీసిస్తారు. ఆర్సీ ఇంకా మీ పేరు మీదకు మారకపోతే అమ్మకపు పత్రం కూడా అడుగుతారు. అడగడం న్యాయమే. తాళం పెట్టిందే ‘ఇది నీదేనా’ అని అడగడానికి.

చిక్కల్లా ఆ కంపెనీ సర్వీసు కేంద్రం దీవిలో లేనప్పుడు. ఉన్నా, ఆ కంపెనీయే దేశంలో లేనప్పుడు. జనరల్ మోటార్స్ 2017 ముగిసేసరికి భారత్‌లో షెవ్రొలే కార్ల అమ్మకం ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. అలాంటి కార్ల ధర పడిపోతుంది, ధర పడిపోయిన కార్లే సెకండ్ హ్యాండ్ బజారుకు ఎక్కువగా వస్తాయి. కోడ్ చిట్టా కాపాడేవాళ్ళు తగ్గిపోతున్న కార్లూ అవే. కంపెనీ వెళ్ళిపోతే విడిభాగాలు దొరుకుతాయా అని అందరూ అడుగుతారు. ‘నా రేడియోకు తాళంచెవి ఎవరి దగ్గరుంది’ అని అడిగేవాళ్ళు తక్కువ.

అప్పుడు మిగిలేది ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన మనిషి. రేడియో విప్పి, ఆ ఎనిమిది కాళ్ళ చిప్పుకు క్లిప్పు తగిలించి, కంప్యూటర్‌తో అందులోని సమాచారం చదువుతాడు. పాత రేడియోల్లో కోడ్ ఏ ముసుగూ లేకుండా ఉండేది. ఒక్కో అంకెకు నాలుగు బిట్లు. 5839 అన్న కోడ్ అయితే 0101, 1000, 0011, 1001. మొత్తం 16 బిట్లు, రెండు బైట్లు. చిప్పులో ఏ మూల చూడాలో తెలిసినవాడికి క్షణం పని. తర్వాతి తరం రేడియోల్లో ఆ సంఖ్యను గజిబిజి చేసి దాస్తారు. అప్పుడు పని కష్టం, కొన్నిసార్లు అసాధ్యం. కోడ్ చెబుతామని డబ్బడిగే అపరిచితులకు ఆర్సీ, ఆధార్ నకళ్ళు పంపడం మాత్రం వద్దు. సూత్రంతో లెక్క కట్టడానికి రేడియో సీరియల్ నంబరు చాలు. మీ ఆధార్‌తో దానికి పనేమిటి?

కొత్త కార్లలో ఈ తలనొప్పి తగ్గింది. కారులోని కంప్యూటర్లన్నీ ఒకే జత తీగల మీద మాట్లాడుకుంటాయి. రేడియో నిద్ర లేవగానే కారును దాని 17 అక్షరాల గుర్తింపు నంబరు అడుగుతుంది. తాను పుట్టిన కారే అయితే కోడ్ అడగకుండా పాట మొదలుపెడుతుంది. బ్యాటరీ ఎన్నిసార్లు తీసినా పర్లేదు. అయితే ఇందులో మరో పేచీ ఉంది. పాడైన మీ రేడియో బదులు, తుక్కుకు వెళ్ళిన అలాంటి కారు రేడియో తెచ్చి పెడితే అది పలకదు. కంపెనీ కంప్యూటర్‌తో కొత్త కారుకు పరిచయం చేయాలి. సామాన్లన్నీ ఓడలో రావాల్సిన చోట, పాత వస్తువును మళ్ళీ వాడుకునే దారి ఇలా మూసుకుపోవడం చిన్న విషయం కాదు.

పాత రేడియో కోసం ఇంత అవసరమా?

చాలామంది మెకానిక్‌లు చెప్పే సలహా ఒకటే. అది పీకి పారేసి టచ్ స్క్రీన్ సెట్ పెట్టించుకోండి అని. పాటల కోసమైతే సరే. ఫోన్ ఉండగా కారు రేడియో ఎందుకన్న ప్రశ్నా సబబే. సముద్రం అడుగున చెన్నై నుంచి వచ్చిన ఆప్టికల్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక దీవుల్లో ఇంటర్నెట్ బాగుపడింది.

కానీ ఈ దీవులు భూకంపాల గీత మీద కూర్చున్నాయి. 2004 డిసెంబరు 26న 9.1 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ వచ్చినప్పుడు ఫోన్లు చాలాచోట్ల మూగబోయాయి. ఆ రోజుల్లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం ఒకటి, భారతి ప్రసాద్ నాయకత్వంలో, వేరే పని మీద పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. హ్యామ్ రేడియో ద్వారా ప్రపంచంతో మాట్లాడే సరదా కార్యక్రమం అది. భూకంపం తర్వాత అదే పరికరాలతో వారు బాధితుల క్షేమ సమాచారాన్ని మెయిన్‌ల్యాండ్‌కు చేరవేశారు. హ్యామ్ సెట్లు సాధారణంగా 13.8 వోల్టులతో నడుస్తాయి. ఇంజిన్ తిరుగుతుండగా కారు బ్యాటరీ దగ్గర ఉండే వోల్టేజీ కూడా దాదాపు అదే.

కారు రేడియో మాట్లాడదు, వింటుంది అంతే. అయినా కరెంటు స్తంభాలు కూలి, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయిన రాత్రి ఇంటి ముందున్న కారులో 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, ఒక ఏరియల్, ఒక మంచి రిసీవర్ సిద్ధంగా ఉంటాయి. తక్కువ సౌండ్‌తో రేడియో సుమారు ఒక ఆంపియర్ తీసుకుంటుందనుకుంటే, బ్యాటరీ సగానికి దిగడానికే 20 గంటల పైన పడుతుంది. మీడియం వేవ్ పట్టే పాత రేడియో అయితే దూరపు స్టేషన్లు కూడా రాత్రిపూట వినిపిస్తాయి. పగలు ఆ తరంగాలను మింగేసే అయనోస్పియర్ కింది పొర సూర్యాస్తమయం తర్వాత పలచబడటమే కారణం. బజారులో దొరికే చాలా టచ్ స్క్రీన్ సెట్లలో మీడియం వేవ్ అసలు ఉండదు, ఉన్నా పేరుకే. తాళం పడిందని పీకి పారేసిన పెట్టె దీవిలో ఎలక్ట్రానిక్ చెత్తగా మిగులుతుంది, లేదా ఓడెక్కి వెనక్కి పోవాలి.

కారు ఇంకా అవతలి ఒడ్డునే ఉండి, బ్యాటరీ తీగ విప్పకముందే మీకు కబురు అందితే, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. అమ్మేవాడిని కోడ్ కార్డు వెతకమనండి. లేదంటే అక్కడి సర్వీసు కేంద్రానికి వెళ్ళి, తన పేరు మీదున్న ఆర్సీ చూపించి కోడ్ అడగమనండి. ఇప్పటికి ఆయనే యజమాని కాబట్టి ఏ పేచీ ఉండదు. వచ్చిన సంఖ్యను ఫారం 29 నకలు వెనక పెన్నుతో రాయించుకోండి, కారులో మాత్రం ఉంచొద్దు. బ్యాటరీ మార్చేటప్పుడు రెండో 12 వోల్టుల బ్యాటరీని పక్కన జతచేసి మెమొరీని బతికించే పద్ధతి కూడా ఉంది. అది చేసేటప్పుడు విప్పిన ప్లస్ తీగలో కరెంటు ఉంటుంది, అది బాడీకి తగిలితే నిప్పురవ్వలే. అలవాటున్న ఆటో ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. ఇక బ్లూటూత్ ఉన్న రేడియో అయితే, తాళం తెరుచుకున్న వెంటనే పాత యజమాని ఫోన్ నంబర్ల జాబితా తెర మీద కనిపించవచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అది చెరిపేశాకే పాట పెట్టండి.